నేను తవ్వేసిన ఐరిస్

ఈ మాట ఎన్నో ఏళ్లుగా నా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి మీద కసితో నేనొక మొక్కను కొండమీద లేకుండా చేశాను. ఆ కసి ఇంకా పోలేదు. చివరికి నేను మంచిదాన్నయిపోతానని మాత్రం ఎదురుచూడకండి.

నర్సీపట్నంలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. మా శాఖకు పెద్ద ఒకాయన. అందరం మేస్టారనే పిలిచేవాళ్లం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, చింతపల్లి వైపు కొండల్లో రాళ్ల సందున నాకొక చిన్న నేల ఆర్కిడ్ కనిపించింది. మా ప్రాంతంలో అంతకుముందు దాన్నెవరూ చూసినట్టు లేదు. పరుగున వెళ్లి మేస్టారికి చూపించాను. ఇద్దరం కలిసి పరిశోధన పత్రం రాద్దామన్నారు. ఆయనే రాశారు. అచ్చయి వచ్చాక చూస్తే పైన ఆయన పేరొక్కటే ఉంది. చివర్న, మొక్కను సేకరించడంలో సాయపడిన సహోద్యోగినికి కృతజ్ఞతలు అని ఒక్క వాక్యం. ఆ సహోద్యోగినికి పేరు లేదు. కాలేజీలో ఆయనకు శాలువా కప్పి సన్మానం చేశారు. వందన సమర్పణ నాచేతే చేయించారు. మైకు ముందు నవ్వుతూ నిలబడ్డాను. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక దవడలు నొప్పెట్టాయి.

ఏళ్లు గడిచాయి. ఆయన రిటైరయ్యారు. నేను మరిచిపోయాననే అనుకున్నాను. మరిచిపోయానా, లేక వేచి ఉన్నానా?

ఒక వానాకాలం నడుమ మేస్టారు ఇంటికి రమ్మని కబురు పెట్టారు. కొండమీద జారిపడి కాలు విరిగి మంచం మీదున్నారు. ఫోన్‌లో ఫొటోలు చూపించారు. అది ఐరిస్. తోటల్లో పెంచే రకం కాదు. కత్తుల్లాంటి ఆకులు మొదట్లో ఒకదాన్నొకటి పొదువుకుని, పైకి విసనకర్రలా విచ్చుకున్నాయి. లేత ఊదారంగు పువ్వు. మూడు రేకులు కిందికి వాలి ఉన్నాయి, మూడు నిటారుగా లేచాయి. వాలిన ప్రతి రేకు మీదా పసుపుపచ్చటి కుచ్చు. పువ్వు నడిమి కీలం మూడు చీలికలై, అవీ రేకుల్లాగే పరుచుకుని కేసరాలను కప్పేశాయి. తేనెటీగ వాటి కింద దూరితే తప్ప పుప్పొడి అంటదు. హిమాలయాల వైపు చల్లటి నేలల్లో ఉండే మొక్క, మన కొండలకు ఎలా వచ్చింది? పొద్దున విచ్చుకున్న పువ్వు సాయంత్రానికి ముడుచుకుపోతుందని ఆయన చిన్నపిల్లాడిలా చెప్పారు.

ఒక వాగు పక్కన చిన్న గుంపుగా తప్ప అది ఇంకెక్కడా లేదట. అందుకే ఒక్క మొక్కను కూడా తెంపలేదట. కాయ పండి గింజ రాలాక నమూనా తీద్దామనుకున్నారు. ఆరబెట్టిన నమూనా లేకుండా, కాయా గింజా చూడకుండా కొత్త జాతి అంటే ఎవరూ ఒప్పుకోరు. బయటి నుంచి శాస్త్రవేత్తలు వస్తామన్నారు. ఈలోగా వెళ్లి కాయలు ఎంతవరకు వచ్చాయో చూసి రమ్మని నన్నడిగారు. ఈసారి పత్రం మీద నా పేరుంటుందా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

తవ్వాలని అనుకుని వెళ్లలేదు అని రాయబోయాను. అబద్ధం. సంచిలో బొరిగె పెట్టుకునే బస్సెక్కాను. మొక్కల మనిషిని కదా, బొరిగె ఎప్పుడూ దగ్గరుంటుందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాయలు చూడ్డానికి బొరిగె ఎందుకు?

వాన వెలిసింది. వాగు పక్కన, నాచు పట్టిన రాళ్ల మధ్య అవి ఉన్నాయి. పువ్వులు అయిపోయాయి. పచ్చికాయలు నిలబడి ఉన్నాయి. అల్లం కొమ్ముల్లాంటి దుంపలు నేల పైపైనే పాకాయి, తేలిగ్గా వచ్చేశాయి. మొదటిది తీశాక ఆగొచ్చు. ఆగలేదు. ఒక్కో దుంప ఊడివస్తుంటే ఆ శాలువా, ఆ మైకు, ఆ పేరులేని వాక్యం గుర్తొచ్చాయి. హాయిగా అనిపించింది. దాచను, చాలా హాయిగా అనిపించింది. అన్నీ సంచిలో వేసుకుని, అడవిపందులు ముట్టెలతో తవ్వినట్టు మట్టిని చెల్లాచెదురు చేసి దిగివచ్చాను.

మర్నాడు మేస్టారింటికి వెళ్లాను.

"పందులు తవ్వేశాయండీ," అన్నాను.

ఆయన మంచం మీంచి లేవబోయారు. "అన్నీనా? ఒక్కటైనా మిగల్లేదేటి? సరిగ్గా సూసావా?"

"చూశానండీ. నేలంతా తిరగేసేశాయి."

మళ్లీ వెనక్కి వాలి గోడవైపు తిరిగారు. "ఒక్కటైనా పీకి ఆరబెట్టాల్సింది. కొన్నే ఉన్నాయి కదా, పాపమని వదిలేశానమ్మా."

నేను కుర్చీలోంచి లేచాను.

"నువ్వేటి సేస్తావులే. వానలో అంత దూరం ఎక్కావు. కాఫీ తాగెళ్లు."

తాగాను. పంచదార సరిపోయిందా అని వాళ్లావిడ అడిగితే, సరిపోయిందండీ అన్నాను.

శాస్త్రవేత్తలు వచ్చారు. మేస్టారు కర్ర పట్టుకుని, మనుషుల భుజాలు ఆసరా చేసుకుని కొండెక్కి వాళ్లకు ఖాళీ నేల చూపించారు. నర్సరీ మొక్కను అడవిలో నాటి ఫొటో తీసి ఉంటారని వాళ్లలో ఒకాయన అన్నాడట. రిటైరయ్యాక కూడా పేరు పిచ్చి పోలేదని మా స్టాఫ్‌రూమ్‌లో నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నేను కోరుకున్నదానికన్నా ఎక్కువే జరిగింది. ఆయన ఆ తర్వాత ఏమీ రాయలేదు. వానలు పడగానే కుంటుకుంటూ ఆ వాగు దగ్గరికి వెళ్లి వెతికేవారు.

ఇంకా సిగ్గుపడే సంగతి ఒకటుంది. ఆ దుంపల్ని పారేయలేదు. మా డాబా మీద కుండీల్లో నాటాను. పూయించి, కొన్నాళ్లాగి, ఇంకో కొండమీద దొరికిందని చెప్పి నా పేరుతో రాయాలని. ఆయన నాకేం చేశారో అదే నేను చేయబోయాను, కాకపోతే ఆయన మొక్కను చంపలేదు. నర్సీపట్నం ఎండకు ఆకులు కొసల నుంచి పండిపోయాయి. వేలితో నొక్కితే దుంపలు కుళ్లి మెత్తగా దిగిపోయాయి. కాయలు చీల్చి చూశాను. మూడు గదుల్లోనూ గింజలు ఇంకా తెల్లగా, పాలుపోసుకుంటున్న దశలో ఉన్నాయి. వాటినీ నాటాను. ఒక్కటీ మొలవలేదు. ఆ రోజు ఏడ్చాను. మేస్టారి కోసం కాదు.

ఆయన ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉన్నారు. కూరగాయల బజారులో కనిపిస్తే, బాగున్నావామ్మా అంటారు. వెళ్లి ఆయనకే చెప్పొచ్చు కదా అని మీరనుకుంటారు. చెబితే క్షమించేస్తారు. నాకది వద్దు. ఆయన మళ్లీ పెద్దమనిషి అవుతారు, నేను మళ్లీ పేరులేని సహోద్యోగినిగా ఆయన ముందు నిలబడాలి. ఇంత జరిగాక కూడా నాకు ఆ బుద్ధే. మీరు అసహ్యించుకుంటే అసహ్యించుకోండి.

ఇది చదివిన మా ఊరివాళ్లకు ఆయనెవరో తెలిసిపోతుంది. నేనెవరో కూడా తెలుస్తుందేమో. తెలియనివ్వండి. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ వాగు పక్కన ఐరిస్ నిజంగా ఉండేది. దాన్ని ఆఖరిసారి చూసింది నేను.

రాసేశాను. లేచి కాసిని మంచినీళ్లు తాగాలి.