ఖాలా కుందేలు పిల్లలు

ఇన్నేళ్లుగా ఇది నా గుండెల మీద బండలా కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరైనా ఉంటే కదా! నా పేరు అడగకండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇప్పుడైనా నోరు పెగులుతోంది.

తొంభైల మొదట్లో గోదావరిఖనిలో ఒక కిరాయి గదిలో ఉండేవాణ్ణి. బొగ్గుబాయిలో పని. పెళ్లాం పుట్టింటికి పోయి మళ్లీ రాలేదు. నా నోటి దురుసు అలాంటిది, ఆమెనేం అనను. పక్కింట్లో ఒక ముసలామె. ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు ఖాలా అని పిలిచేవాణ్ణి. మెకానిక్ భర్త చనిపోయాక పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని కుందేళ్లు పెంచేది. డ్యూటీ దిగి వస్తుంటే గోడ మీదుగా ఇంత చాయ్ అందించి, తిన్నావా అని అడిగేది. అంత పెద్ద ఊళ్లో నన్ను ఆ మాట అడిగే మనిషి ఆమె ఒక్కతే.

ఒక చలికాలం పెద్దపల్లిలో ఉన్న తన కూతురికి నొప్పులొచ్చాయని ఖాలాకు కబురందింది. అప్పుడే పాలు మాన్పించిన కుందేలు పిల్లలున్నాయి షెడ్డులో; తల్లిని వేరు చేసి ఇంటి వసారాలో గూట్లో ఉంచింది. ఆ వయసులో వాటి ప్రాణం గట్టిది కాదు. మేత ఉన్నట్టుండి మార్చకూడదు, ఎండుగడ్డే ఎక్కువ వేయాలి, తడి ఆకు పెడితే పొట్ట ఉబ్బి చచ్చిపోతాయి. అన్నీ చెప్పి, హడావుడిగా కొంత ఆకు కోసిపెట్టి, తాళంచెవి నా చేతిలో పెట్టి బస్సెక్కింది.

మొదట్లో బాగానే చూశాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగా ఉండేది. నేను పోగానే అన్నీ చెవులు నిక్కబొడుచుకుని దగ్గరికొచ్చేవి.

ఒక తెల్లవారుజామున చలి మరీ ఎక్కువైంది. పిల్లలు ఒకదాని కింద ఒకటి దూరి వణుకుతున్నాయి. జాలేసింది. గాలి దూరకుండా సందులన్నిటికీ గోనెసంచులు కట్టి, లోపల బొగ్గుల కుంపటి పెట్టి షిఫ్టుకు పోయాను. పొగంతా పోయేదాకా బయట ఉంచి, కణకణలాడుతున్న కుంపటిని లోపలికి తెచ్చుకోవడం మా ఇళ్లలో అలవాటు. పొగ లేకుంటే భయం లేదనుకుంటాం. కానీ నేను బాయిలో పనిచేసేవాణ్ణి కదా! కంటికి కనబడని గాలి ప్రాణం తీస్తుందని నాకు తెలియదా? తెలుసు. మరి ఆ తెలివి ఆ పొద్దున ఎక్కడ చచ్చింది?

మధ్యాహ్నం వచ్చి తలుపు తీశాను. ఒక్కటీ లేవలేదు.

సంచులు విప్పేశాను. కుంపటి తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. పిల్లలను పెరటి మూల పాతిపెట్టాను. ఏడ్చాను కూడా. అయినా అన్ని పనులూ ఎంత జాగ్రత్తగా చేశానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఖాలా వచ్చి ఖాళీ షెడ్డు ముందు నిలబడింది.

“ఏమైంది బేటా?”

“పొట్టలు ఉబ్బినయ్ ఖాలా. నువ్వు పోంగ కోసిపెట్టిన ఆకు తడిగ ఉండెనేమో.”

తన అరచేతులు చూసుకుంది. “అవ్ బేటా. జల్దిల సరిగ్గ ఆరబెట్టలే. నా చేతులతోని నేనే సంపుకున్న. నువ్వేం ఫికర్ జెయ్యకు.”

నన్నే ఓదార్చింది! అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? తిడుతుందని కాదు. రేపటి నుంచి గోడ అవతలి నుంచి పలకరింపు ఉండదేమోనని. ఆ ఒక్క పలకరింపు పోగొట్టుకోలేక, ఒక ముసలామె నెత్తిన అంత పాపం మోపాను.

తర్వాత ఆమె తల్లి కుందేలును కూడా అమ్మేసింది. షెడ్డు విప్పించింది. కొన్నాళ్లకు కూతురు పసివాణ్ణి తీసుకుని వచ్చింది. ఒకరోజు పొద్దున గోడకు ఇవతల మొహం కడుక్కుంటున్నాను. నీళ్లు పొయ్యమని కూతురు పిల్లవాణ్ణి ఆమె కాళ్ల మీద పడుకోబెట్టబోయింది. ఖాలా చేతులు వెనక్కి తీసుకుంది.

“వద్దు బిడ్డా. పసిపానం. నా చేతులు మంచియి గావు.”

విన్నాను. గోడ ఇవతలే ఉన్నాను. మొహం తుడుచుకుని డ్యూటీకి పోయాను.

ఖాలా ఇప్పుడు లేదు. ఆ పిల్లవాడికి ఆమె ఎన్నడైనా నీళ్లు పోసిందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేదు. క్షమించమని అడిగే హక్కు నాకెక్కడిది? ఒక్క మాట మాత్రం పైకి అనాలి. ఆమె చేతుల్లో ఏ దోషమూ లేదు. చంపింది నేను.

అన్నాను. ఆమె వినాల్సిన మాట మీరు విన్నారు. కొంచెం తేలికైంది, అంతే.