దేవుడికి తీసిన పిడికెడు

దేవుడికని తీసి పెట్టిన బియ్యం నేను దొంగతనంగా తిన్నాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సరిహద్దు కొండల్లోని ఆ సైనిక పోస్టుకు నేను చేరింది నవంబరులో, మధ్యాహ్నం రెండింటికి. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. మైనస్ పదకొండు డిగ్రీలు. నాలుగు గుడిసెలు, ఒక రేడియో స్తంభం, తొమ్మిది మంది. నేను సిగ్నల్స్ లెఫ్టినెంట్‌ని; అక్కడ అధికారినీ నేనే, ఆడమనిషినీ నేనొక్కదాన్నే. సాయంత్రం రిపోర్టు పంపాక నాతో మాట్లాడేవాళ్లు ఉండరు. డైరీ రాసుకునేదాన్ని. పెన్నులో సిరా గడ్డకడితే పెన్సిల్‌తో.

తెలుగు వచ్చినవాడు ఒక్కడే, వంట చూసే జవాను; ర్యాంకుతోనే నాయక్ అని పిలిచేవాళ్లం. మెదక్ వైపు ముస్లిం. సికింద్రాబాద్ మెట్టుగూడలో మా అమ్మ అన్నం వండే ప్రతిసారీ ముందు చర్చికని పిడికెడు బియ్యం తీస్తుంది. ఆ అలవాటుతో నేనూ రోజూ నా వంతులోంచి పిడికెడు తీసి నా గుడిసెలో ఉన్న పెద్ద పాలపొడి డబ్బాలో పోసేదాన్ని.

"ఏందీ మేడం, గీడ చర్చి యాడుంది?" అని నవ్వాడు నాయక్.

"సెలవుకు వెళ్లినప్పుడు ఇస్తాను, భాయ్."

"గంత దూరం మోస్తరా? దేవునికి సుత నవ్వొస్తది."

జనవరిలో మంచుచరియ రేషన్ గుడిసెను ఊడ్చుకుపోయింది. మిగిలినవి బిస్కెట్లు, కొంచెం పప్పు. కింది నుంచి రేడియోలో ఒకటే మాట: "మబ్బు విడితేనే హెలికాప్టర్. ఓపిక పట్టండి. ఓవర్." మనిషికి పూటకు రెండు బిస్కెట్లని ఆర్డరు ఇచ్చింది నేనే. డబ్బా సంగతి ఎత్తలేదు. అది దేవుడిది కదా అని సర్దిచెప్పుకున్నాను. నాయక్‌కు తెలుసు. అతనూ ఎత్తలేదు.

నాలుగో రోజు ఉదయం ఆరింటికి, ఆ డబ్బాలోంచి రెండు పిడికిళ్లు తీసి నా గుడిసెలో స్టవ్ మీద పెట్టాను. కుక్కర్ లేకుండా అంత ఎత్తులో అన్నం ఉడకదు. పలుకులు పలుకులుగానే నమిలాను. బయట రేడియో ఆపరేటర్ దగ్గుతున్నాడు. తలుపు తీయలేదు.

మధ్యాహ్నం డబ్బా తీసుకెళ్లి నాయక్ చేతిలో పెట్టాను. మూత తీసి చూశాడు. నా ముఖం చూశాడు. గంజి కాచి, అందరికంటే ముందు నాకే పోశాడు. ఆ బియ్యం రెండు రోజులు వచ్చింది. మూడో రోజు మబ్బు విడింది.

మార్చిలో సెలవు. నేనూ నాయక్ ఒకే రైల్లో వచ్చి సికింద్రాబాద్‌లో దిగాం. ఇల్లు దగ్గరే అయినా ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాను. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటారు, దేవుడు ఎలా పోషించాడో. ఏం చెప్పను?

"భాయ్, ఆ డబ్బాలో..." అన్నాను.

సైన్యం వదిలి రెండేళ్లయింది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తుంది: ప్లాట్‌ఫారం మీద ఎండ, భుజాన ట్రంకుపెట్టె, చలికి పగిలిన పెదవులతో నా వైపు తిరిగిన ఆ మనిషి. సెలవయ్యాక పోస్టింగులు వేరయ్యాయి, మళ్లీ అతన్ని చూడలేదు. ఆ రోజు అతనన్నది ఇదే:

"నాకెరుకే మేడం. మీ కిటికీకి ఆవిరి పట్టింది జూసిన. దేవునికి తీసింది ఆకలైనోళ్లకే గదా? గా దినం మీకు సుత ఆకలైంది. ఇగ పోండ్రి, నా బస్సు టైమైతుంది."