బండి ఉన్న ఇంటి పింఛను

నరసరావుపేట జిల్లా కేంద్రమైన తర్వాత, ఒక వేసవి బదిలీల్లో నన్ను పల్నాడులో రాతి క్వారీలు ఎక్కువగా ఉన్న ఒక మండలానికి ఎంపీడీవోగా వేశారు. ఎంపీడీవో అంటే మండల పరిషత్ అభివృద్ధి అధికారి. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. మండలం పేరు, అప్పటి ఎమ్మెల్యే గారి పేరు ఇక్కడ రాయను. ఆయన ఇచ్చిన మాటకూ, వేసిన ఓటుకూ మధ్య ఒక కుటుంబం ఎలా నలిగిందో, అందులో మా ఆఫీసు పాత్ర ఏమిటో చెప్పడమే నా ఉద్దేశం.

గ్రామాల్లో సామాజిక పింఛన్ల మంజూరు, రద్దు ఎంపీడీవో లాగిన్ నుంచే జరుగుతాయి. అందువల్ల పింఛను మేమే ఇస్తున్నామనీ, మేమే తీస్తున్నామనీ జనం అనుకుంటారు. అర్హతలు మాత్రం పైనుంచి వస్తాయి. అప్పటి నిబంధనల ప్రకారం ఇంట్లో ఎవరి పేరునైనా నాలుగు చక్రాల వాహనం ఉంటే పింఛను రాదు. బతుకుతెరువు కోసం నడుపుకునే బండికి మాత్రం మినహాయింపు ఉండేది. బండలూ సున్నం మూటలూ మిరప టిక్కీ బస్తాలూ తోలుకుని బతికే మండలంలో ఆ మినహాయింపే చాలా ఇళ్లకు ఆసరా.

అలాంటి ఇల్లు మస్తాన్‌బీది. భర్త నాగూర్‌వలి నాపరాయి క్వారీలో పనిచేసేవాడు. బండ జారి నడుము మీద పడ్డప్పటి నుంచి మంచం మీదే ఉన్నాడు. కొడుకు సైదా ఫైనాన్సులో నాలుగు చక్రాల ట్రక్కు ఆటో కొని మాచర్లకూ పిడుగురాళ్లకూ కిరాయిలు తోలేవాడు. బండి సంపాదన ఇంటి ఖర్చుకు, వికలాంగుల పింఛను తండ్రి మందులకు సరిపోయేవి. మస్తాన్‌బీ కూలికి పోవడం మానేసి భర్త దగ్గరే ఉండేది.

నేను చేరిన కొద్ది నెలలకు ఆ మినహాయింపు తీసేస్తారన్న వార్త పుట్టింది. అదే రోజుల్లో ఎమ్మెల్యే గారు ఆ వీధిలో సిమెంటు రోడ్డు ప్రారంభానికి వచ్చారు. ప్రోటోకాల్ ప్రకారం నేను పక్కనే ఉన్నాను. మస్తాన్‌బీ ఆయన్ని ఇంట్లోకి తీసుకెళ్లి భర్తను చూపించింది. ఆయన మంచం అంచున కూర్చుని, నాగూర్‌వలి చెయ్యి పట్టుకుని అన్నారు: "కొడుకు కష్టపడి తోలుకునే బండి చూసి తండ్రి పింఛను తీసే పని నేనుండగా జరగదు, చెల్లెమ్మా. అసెంబ్లీలో నేనే అడ్డుపడతా." బయటికొచ్చాక మైకులోనూ అదే మాట చెప్పారు. ఆయన ఆ క్షణాన నటించారని నేననుకోను. 

తర్వాతి సమావేశాల్లో సవరణ బిల్లు సభకు వచ్చింది. మామూలుగా బిల్లులు మూజువాణి ఓటుతో పాసవుతాయి. అనుకూలురు "అవును" అంటారు, వ్యతిరేకులు "కాదు" అంటారు, ఏ గొంతు ఎక్కువ వినిపిస్తే స్పీకరు దాన్ని ప్రకటిస్తారు. ఎవరు ఏమన్నారో పేర్లు ఉండవు. ఈసారి ప్రతిపక్షం డివిజన్ అడిగింది. డివిజన్ అంటే అనుకూలురంతా లేచి నిలబడాలి, సిబ్బంది వరసల వారీగా లెక్కపెడతారు. మా ఎమ్మెల్యే గారు లేచి నిలబడ్డారు. సభ ప్రత్యక్ష ప్రసారం ఫోన్లలో వస్తోంది. సాయంత్రానికల్లా ఆ ముక్క మండలమంతా వాట్సాప్‌లో తిరిగింది.

చట్టం అమల్లోకి వచ్చాక మాకు ఉత్తర్వులు వచ్చాయి. రవాణా శాఖ వివరాల్లో బండి ఉన్నట్టు తేలిన ఇళ్లకు గ్రామ సచివాలయాల వెల్ఫేర్ అసిస్టెంట్లు నోటీసులు అందించారు. అభ్యంతరం ఉన్నవాళ్లను ఎంపీడీవో విచారించి, కారణాలు చూపిస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. విచారణకు తల్లీ కొడుకులిద్దరూ వచ్చారు. సైదా ఒకటే అడిగాడు: "బండి అమ్మేస్తే మా నాయన పింఛను ఉంటదా మేడం?" బండి వేరేవాళ్ల పేరుకు మారాక కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, అయితే తొందరపడి అమ్మొద్దనీ, ముందు జిల్లా అధికారికి అప్పీలు చేసుకోమనీ చెప్పాను. రద్దు ఉత్తర్వు మీద మాత్రం సంతకం చేశాను. చట్టం చదివితే మరో దారి కనపడలేదు.

మరుసటి నెల మండల పరిషత్ సర్వసభ్య సమావేశం జరిగింది. ఎంపీటీసీలు, సర్పంచులు, శాఖల అధికారులు హాజరవుతారు. ఎమ్మెల్యే ఎక్స్ అఫీషియో సభ్యుడు కాబట్టి ఆయనా వచ్చారు. పింఛన్ల అంశం రాగానే కోపంగా లేచారు. "పేదోళ్ల పింఛన్లు తీసే అధికారం ఎవరిచ్చారు మీకు? ఏసీ గదుల్లో కూర్చుని బటన్లు నొక్కుతారా? రేపటికల్లా అన్నీ తిరిగి పెట్టాలి, మేడం గారూ!" అన్నారు. సర్పంచులు బల్లలు చరిచారు. మా ఆఫీసులో ఏసీ లేదు. ఆ మాట నేను అనేలోపే తలుపు దగ్గర నిలబడ్డ జనంలోంచి మస్తాన్‌బీ ముందుకొచ్చింది. ఆ సమావేశంలో బయటివాళ్లు మాట్లాడకూడదు. మండలాధ్యక్షుడు వారించినా ఆమె ఆగలేదు.

"అన్నా, ఆ మేడమ్మని ఎందుకు తిడతావు? ఆ చట్టానికి నువ్వు లేచి నిలబడ్డావంట గదా. మావోడు ఫోన్లో చూపిచ్చాడు. లేచావా, లేదా?"

"అది పార్టీ నిర్ణయం చెల్లెమ్మా, నీకు అర్థం కాదు" అన్నారాయన.

"మా ఇంటికి పార్టీ రాలేదన్నా. నువ్వొచ్చావు. మంచం మీద కూసుంది నువ్వు."

 ఆయన నా వైపు తిరిగి, చట్టంలో నిజంగా అలాగే ఉందా అని అడిగారు. తెలియక అడగలేదు, తనకు తప్పుకునే వీలిచ్చే మాట ఏదైనా నేను అంటానని అడిగారు. "ఉంది సార్. సభ చేసిన సవరణతో మినహాయింపు పోయింది. తిరిగి పెట్టే అధికారం నాకు లేదు" అని చెప్పాను. అది మినిట్స్‌లోనూ అలాగే రాయించాను. ఆయన కాసేపటికి లేచి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం ఆర్ అండ్ బీ అతిథి బంగళాకు రమ్మని ఆయన నుంచి కబురొచ్చింది. బదిలీ మాటే వస్తుందనుకుంటూ వెళ్లాను. ఆయన ఒంటరిగా ఉన్నారు. బిల్లుకు పార్టీ విప్ జారీ చేసిందనీ, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందనీ చెప్పారు. విప్ సంగతి నాకు తెలుసు. "మరి ఆ మాట వాళ్లకు చెప్పి ఉండవచ్చు కదా సార్" అన్నాను. "నా ఓటు నా చేతిలో లేదని చెబితే నాకు ఓటెవరు వేస్తారు మేడం?" అన్నారు. అంత నేరుగా మాట్లాడిన ప్రజాప్రతినిధిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

ఏదైనా దారి ఉందా అని ఆయనే అడిగారు. చట్టం కింద నియమాలు చేసే అధికారం ప్రభుత్వానిదే. మంచం పట్టిన వికలాంగులను వాహన నిబంధన నుంచి తప్పిస్తూ ఒక నియమం చేయవచ్చు, సభకు మళ్లీ వెళ్లనక్కర్లేదు. ఈ సంగతి వివరించి, అక్కడే కూర్చుని మంత్రికి వినతిపత్రం ముసాయిదా రాసిచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని నిజంగానే తిరిగారు. చలికాలం పోయి ఎండలు ముదిరాక ఆ నియమం వచ్చింది.

ఈ లోపల నాగూర్‌వలికి వీపున పుండ్లు పడ్డాయి. గుంటూరు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అప్పీలు తేలలేదు. సైదా బండి అమ్మేసి, పిడుగురాళ్లలో సున్నం బట్టీ యజమాని దగ్గర డ్రైవరుగా చేరాడు. నేను తొందరపడొద్దన్న మాటకు ఆ ఇంట్లో విలువ లేకపోయిందని అనను. ఆగే శక్తి వాళ్లకు లేదు. రికార్డుల్లో బండి పేరు ఇంకా మారకపోయినా, పింఛను మాత్రం కొత్త నియమం కింద తిరిగి మంజూరైంది.

మంజూరు పత్రాలు ఎమ్మెల్యే గారి చేతుల మీదుగా పంచాలని పైనుంచి ఆదేశం. షామియానా వేశారు. ఆయన మాట నిలబెట్టుకున్నానని చెప్పారు. అందులో సగం నిజం. మస్తాన్‌బీ పత్రం తీసుకుని, ఫొటోకు నిలబడి, దిగొచ్చాక నాతో అంది: "ఆయన మంచోడే మేడం. కానీ ముందే చెప్పుంటే చట్టం రాకముందే బండి సంగతి ఏదో ఒకటి చూసుకునేవాళ్లం, మందులకు నాలుగు రూపాయలు దాచుకునేవాళ్లం. ఆయన అడ్డుపడతాడని చానా ధీమాగా కూసున్నాం."

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇదే. వాళ్లకు నష్టం ఓటుతోనే మొదలైనా, ఆ ఓటు తన చేతిలో లేదన్న సంగతి ఆయన దాచడంతో అది పెద్దదైంది. ఆ ధీమాతో వాళ్లు జాగ్రత్తపడే సమయం పోగొట్టుకున్నారు. నిర్ణయాన్ని మార్చడం అధికారి చేతిలో ఉండదు. అది ఎవరిది, ఎక్కడ జరిగింది, మార్చగలవాళ్లు ఎవరు అన్నది చెప్పడం మాత్రం ఉంటుంది. మిగిలిన సర్వీసులో ప్రతి విచారణనూ నేను ఆ మూడు విషయాలు చెప్పడంతోనే మొదలుపెట్టాను.