పెద్దల్లుడి చెయ్యి

ఆ ఇంట్లో ఏది మొరాయించినా, "పెద్దల్లుడి చెయ్యి పడితే చాలు" అనేది అత్తగారు. వైరు పీకి, ఉఫ్‌మని ఊది, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ గుచ్చడమే అతని వైద్యం. మరదలు బొమ్మలు గీసే డిజిటల్ పలకను, కంప్యూటర్‌ని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉత్త మౌస్‌గా పొరబడినప్పుడూ అదే చేశాడు. పెన్ను ఎంత నొక్కినా గీత లావెక్కలేదు. కొత్త తోడల్లుడు సెట్టింగుల్లో ఒక్క వరుస రాశాడు, లావెక్కింది. "చిన్నల్లుడి చెయ్యి పడితే చాలు!" అంది అత్తగారు. అందరూ భోజనాలకు లేవగానే పెద్దల్లుడు ఆ వరుస చెరిపేసి, వైరు పీకి గుచ్చి, ఏమీ ఎరగనట్టు వరండాలో కూర్చున్నాడు. కాసేపటికి లోపల మరదలు, "అయ్యో, ఇది మళ్ళీ మౌసైపోయిందే!" అంది. అతను చొక్కా అంచు చేత్తో పట్టుకుని గుమ్మందాకా వచ్చేశాడు. "చిన్నల్లుడుగారూ, ఒకసారి ఇలా రండి!" అత్తగారు కేకేసింది. అతను అదే అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు.