సెబాల్డ్ మాస్టారి దారం

సెబాల్డ్ మాస్టారి ఎదుట "ఇది గుండ్రంగా ఉంది" అని ఎవరైనా అన్నారంటే వాళ్ల పని అయిపోయినట్టే. ఆ మరుక్షణం ఆయన కోటు జేబులోంచి ఒక దారం, రెండు గుండుసూదులు బయటికి వచ్చేవి. ఆ వస్తువును అటు కొలిచి, ఇటు కొలిచి, కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి "లేదు" అనేవారు. డాన్యూబ్ ఒడ్డున ఉన్న మా ఊరిలో ఆయన చేత "లేదు" అనిపించుకోని వస్తువు ఒక్కటీ మిగల్లేదు.

బండి చక్రం గుండ్రంగా లేదు. జున్ను గడ్డ లేదు. సారా పీపా మూత లేదు. ఒకసారి బాప్తిస్మం విందులో తోళ్ల వ్యాపారి భార్య "మా మనవడి బుర్ర ఎంత గుండ్రంగా ఉందో చూశారా!" అని మురిసిపోయింది. నేను కళ్లతో సైగ చేసేలోపే ఆయన పసివాడి తల చుట్టూ దారం పట్టేశారు. "కోలగా ఉందమ్మా. ఏం కంగారు పడకండి, అంగారకుడి దారి కూడా అంతే" అన్నారు. విందు ముగిసేదాకా ఆ మహాతల్లి ఆయన కంచంలో మాంసం ముక్క పడనివ్వలేదు.

నా పేరు అపొలోనియా. ఊరంతా పొలోనీ అంటారు. మా ఆయన పోయాక నాకు మిగిలినవి ఒక రొట్టెల పొయ్యి, దాని మీద ఒక గది. ఆ గదిలో మాస్టారు ఉండేవారు. బడిలో లెక్కలు చెప్పడం, ఊరికి ఏటా పంచాంగం రాయడం ఆయన ఉద్యోగం. కింద పొయ్యి వేడికి చలికాలంలో సిరా గడ్డకట్టదని మా ఇల్లు ఎంచుకున్నారు.

"ఏంటి మాస్టారూ మీకీ పిచ్చి?" అని ఒకసారి అడిగేశాను.

ఆయన సంబరపడిపోయి, పిండి చల్లిన నా బల్ల మీద రెండు సూదులు గుచ్చారు. వాటి చుట్టూ దారాన్ని వదులుగా ముడివేసి, పుల్లతో బిగలాగి చుట్టూ తిప్పారు. పిండిలో కోలగా ఒక గీత పడింది.

"ఇదీ అంగారకుడి దారి. అసలు దారి ఇంత కోల కాదులెండి, మీకు కనిపించాలని సాగదీశాను. ఈ సూది దగ్గర సూర్యుడు ఉంటాడు."

"మరి ఆ సూది దగ్గర?"

"ఎవరూ ఉండరు."

"ఎవరూ లేని చోట సూదెందుకు మాస్టారూ?"

"నాకూ అదే అర్థం కావడం లేదమ్మా" అన్నారు దిగులుగా.

గ్రహాలు వృత్తంలో తిరగవని ప్రాగ్ నుంచి కొత్తగా కబురు వచ్చిందట. దేవుడు చేసిన ఆకాశంలో వంకర ఏమిటని మా ఊరు నవ్వింది. మొదట్లో మాస్టారూ నవ్వారు. ఆ మాట తప్పని తేల్చడానికే లెక్కలకు కూర్చున్నారు. ఏళ్లు గడిచాయి. అంగారకుణ్ని వృత్తంలో ఇరికించిన ప్రతిసారీ ఎక్కడో వెంట్రుకవాసి తేడా వచ్చేది.

"వెంట్రుకవాసే కదా, వదిలేద్దురూ" అన్నాను నేను.

నేనేదో చర్చిలో బూతు మాట్లాడినట్టు చూశారు. "అది వదిలేస్తే ఇంకేం మిగులుతుందమ్మా?" అని, ఏళ్ల తరబడి రాసిన కాగితాలన్నీ తెచ్చి నా పొయ్యిలో పడేశారు. ఆ రోజు రొట్టెలు బ్రహ్మాండంగా కాలాయి.

నాకు ఒళ్లు మండించే అలవాటు ఇంకొకటి ఉండేది. రోజూ పొద్దున్నే కిందికి దిగి, చల్లారుతున్న నా రొట్టెలన్నిటినీ కొలిచేవారు. "ఇది గుండ్రంగా లేదు. ఇదీ లేదు. ఇది అసలే లేదు, దీన్ని పరిశోధనకు తీసుకెళ్తాను" అంటూ అన్నిటికన్నా వంకరదాన్ని చంకన పెట్టుకుని పైకి పోయేవారు. రోజుకో రొట్టె ఇవ్వాలన్నది మా ఒప్పందమే కాబట్టి నాకు నష్టం లేదు. కానీ కొనడానికి వచ్చినవాళ్ల ముందు ఆ మాటలేమిటి? పైగా ఆ రొట్టె ముక్కలు ఎప్పుడూ ఆయన జేబుల నిండా ఉండేవి. బడిలో సుద్దముక్క కోసం చెయ్యి పెడితే రొట్టె ముక్క వచ్చేదట.

మా ఊరి వంతెన మొగదల ఒక రాతి బల్ల ఉంది. దాని మీద ఒక వృత్తం చెక్కి ఉంది. తూకం రాళ్లతో మోసం చేసేవాళ్లు ఉంటారని మా పూర్వులు చేసిన ఏర్పాటు అది. మేం అమ్మే రొట్టె ఆ వృత్తాన్ని నింపాలి. నింపలేదో, కాల్చినవాళ్లను ఇనుప బోనులో కూర్చోబెట్టి, వంతెన మీద నుంచి దూలానికి వేలాడదీసి నదిలో ముంచుతారు. ఆ తర్వాత పొయ్యి హక్కు కూడా పోతుంది. చూసేవాళ్లకు అదొక తిరనాళ్ల.

ఆ ఏడు నా పొయ్యి అడుగు రాళ్లు ఒక పక్కకు కుంగాయి. రొట్టెలు వాలుకు జారి కోలగా కాలేవి. తాపీవాడు ఈస్టర్ దాటితే గానీ రానన్నాడు. చలికాలమంతా పట్టిన దగ్గు నన్ను ఇంకా వదల్లేదు. సరిగ్గా అలాంటప్పుడు ఒకనాటి ఉదయం మాస్టారు కిందికి దిగలేదు. పైనుంచి కాగితాల చప్పుడు, మధ్యమధ్య ఆయన తనలో తాను నవ్వుకోవడం వినిపించాయి. ఇవాళ నా రొట్టెలకు తిట్లు తప్పాయని సంతోషపడ్డాను.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. రొట్టెల తనిఖీదారు కిలియన్ రోట్మండ్ వచ్చాడు. నా పొయ్యి మీద అతని కన్ను ఎప్పటినుంచో ఉంది, బావమరిదికి ఇప్పించాలని. బల్ల మీద ఉన్న వాటిలో ఏరి ఏరి వంకర రొట్టెను పట్టుకున్నాడు. కాసేపట్లో ఊరు ఊరంతా వంతెన దగ్గర పోగైంది.

"చూడండి నగరాధ్యక్షులవారూ! ఈ పక్కన గీతకూ రొట్టెకూ మధ్య రెండు వేళ్లు పడుతున్నాయి. ఆ పక్కనా అంతే" అన్నాడు రోట్మండ్.

"పైనా కిందా గీత దాటి బయటికి వచ్చింది కదయ్యా! అది కనపడదా?" అన్నాను.

"బయటికి వచ్చినదాని సంగతి చట్టంలో లేదు."

నగరాధ్యక్షుడు మెల్కియోర్ మంచివాడే కానీ పిరికివాడు. "చట్టం చట్టమే కదా పొలోనీ" అని గొణిగి పక్కకు తిరిగాడు.

నన్ను బోనులో కూర్చోబెట్టారు. బోను జనం తలల కన్నా పైకి లేచింది, దూలం నది మీదికి తిరిగింది. కొండల మీద మంచు కరిగి నది పొంగుతున్న రోజులవి. ఆ నీటి హోరు వింటుంటే నాకు చచ్చేంత భయం వేసింది. కిందటేడు ఇలాగే ముంచిన పడమటి వీధి రొట్టెలవాడు జ్వరంతో పోయాడు. అతనికి దగ్గు కూడా లేదు.

"పొలోనీ, ఆ శాలువా ఇటు పడెయ్, తడిసిపోతుంది!" అని కింద ఎవరో అరిస్తే జనం గొల్లున నవ్వారు.

అప్పుడు వచ్చారు మాస్టారు. ఒక కాలికి జోడు, ఇంకో కాలికి ఏమీ లేదు. "అపొలోనియమ్మా! దొరికింది! కోల దారిలో పెడితే అంగారకుడు సరిగ్గా కూర్చున్నాడు! వెంట్రుకవాసి తేడా కూడా లేదు!" అని అరుస్తూ జనాన్ని తోసుకొచ్చి, తలెత్తి చూశారు. "అక్కడేం చేస్తున్నారమ్మా?"

"గాలి పీల్చుకుంటున్నాను మాస్టారూ!"

ఆయన చూపు బోను మీది నుంచి రాతి బల్ల మీది రొట్టెకు దిగింది. చెయ్యి జేబులోకి పోయింది. దారం బయటికి వచ్చింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇది గుండ్రంగా లేదు" అన్నారు.

"విన్నారా! వాళ్లింట్లో ఉండేవాడే ఒప్పుకున్నాడు!" అని ఎగిరాడు రోట్మండ్.

"మాస్టారూ, మీ నోరు పడిపోను!" అని నేను పైనుంచి ఏడ్చాను.

"గుండ్రంగా లేదన్నాను గానీ తక్కువైందని అనలేదే" అన్నారాయన. "అంగారకుడు సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు జోరుగా పోతాడు. దూరమైతే నెమ్మదిస్తాడు..."

"అయ్యో, మొదలెట్టాడు!" అన్నారు జనం. దూలం పట్టుకున్నవాళ్ల చేతులు లాగేస్తున్నట్టున్నాయి, బోను ఒక్క కుదుపుతో కిందికి దిగింది. నా జోడు అడుగుకు నీళ్లు తగిలాక మళ్లీ పైకి లాగారు.

"మాస్టారూ, కాస్త మీరు కూడా జోరుగా పోండి!"

"ఒక్క మాట! వాడి దారిని సూర్యుడి దగ్గర నుంచి రొట్టెలా కోశామనుకోండి. నెల రోజుల ముక్క దగ్గరున్నప్పుడు పొట్టిగా, లావుగా వస్తుంది. దూరంగా ఉన్నప్పుడు పొడుగ్గా, సన్నగా వస్తుంది. కానీ రెండు ముక్కల్లోనూ రొట్టె సమానం! ఆకాశమే ఆకారం చూడకుండా లోపలి చోటు లెక్కపెడుతుంటే, మనం వెడల్పు దగ్గరే ఆగిపోతామేం? ఒక కత్తి ఇవ్వండి."

"సాక్ష్యాన్ని కోస్తారా!" అని అరిచాడు రోట్మండ్.

"కొయ్యనీ" అన్నాడు మెల్కియోర్. ఆ మాత్రం ధైర్యం అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో మరి.

మాస్టారు గీత దాటిన రెండు కొసలూ కోశారు. వాటిని పక్క సందుల్లో అమర్చారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఆయన కోటు అడ్డం వచ్చింది గానీ, నాకు పైనుంచి అంతా కనిపిస్తూనే ఉంది. ఒక పక్క నిండింది. రెండో పక్క కూడా నిండింది, ఒక్క గోరంత చోటు తప్ప. ఆ వారం తడి పిండి సరిగ్గా పొంగలేదు.

నా పని అయిపోయిందనుకున్నాను. ఈయన వెంట్రుకవాసిని వదలని మనిషి. ఇప్పుడు తలెత్తి "లేదు" అంటారు, అంతే. ఆయన ఆ సందు వంకే చూస్తూ ఉండిపోయారు. నాకు దగ్గు తెర వచ్చింది. ఆపుకోలేకపోయాను.

మాస్టారు సుద్దముక్క కోసమన్నట్టు జేబులో చెయ్యి పెట్టారు. కోటు చేత్తో బల్లను ఒకసారి తుడిచారు. ఆ చెయ్యి పక్కకు జరిగాక చూస్తే గోరంత చోటూ లేదు.

"నిండింది" అన్నారు.

మెల్కియోర్ వంగి బొటనవేలితో చుట్టూ నొక్కి చూశాడు. రోట్మండ్ ముక్కు ఆనించినంత పని చేశాడు. "ఈ ముక్క ఎండిపోయినట్టుందే?"

"ఇందాకటి నుంచి మీరు వేళ్లు పెట్టి పెట్టి ఎండిపోయింది" అన్నారు మాస్టారు. జనం ఈసారి రోట్మండ్‌ను చూసి నవ్వారు. బోను ఒడ్డుకు తిరిగింది.

ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని వణుకుతుంటే నాకు అసలు సంగతి తట్టింది. రోజూ నా రొట్టెలన్నీ కొలిచి, అన్నిటికన్నా వంకరదాన్నే ఆయన ఎందుకు తీసుకుపోయేవారు? రాతి బల్ల మీద నన్ను పట్టించేదాన్ని ఆయన పొద్దున్నే తినేస్తున్నారు. ఇవాళ ఒక్కరోజు అంగారకుడి ధ్యాసలో మరిచిపోయారు. నేనేమో ఇన్నాళ్లూ ఆయన్ను తిట్టుకున్నాను. వేడి సూపు గిన్నెలో పోసి ఆయన ముందు పెట్టాను.

"మాస్టారూ, నేను పైనుంచి చూశాను. చివర్లో సందు మిగిలింది."

"ఏ సందు?"

"గోరంత సందు. మీ జేబులో ముక్క పెట్టారు."

"లేదమ్మా. గుండ్రంగానే ఉంది" అన్నారు, నా మొహంలోకి చూడకుండా. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

"వెంట్రుకవాసి తేడాకు ఏళ్ల నాటి లెక్కలు పొయ్యిలో వేసిన మనిషి, గోరంత ఎలా వదిలేశారు మాస్టారూ?"

ఆయన సూపులో చెంచా తిప్పారు. "అంగారకుడికి దగ్గు లేదు కదమ్మా" అన్నారు.

ఆయన ఇబ్బందిగా కదిలి, జేబులోంచి దారం తీసి సూపు గిన్నె చుట్టూ పట్టారు.

"ఇది మాత్రం లేదు" అన్నారు.