కాపలావాడి ఇల్లు

సినిమాల్లో మా మాటను దొంగలకు, తాగుబోతులకు, పనివాళ్లకు తగిలించేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తెలంగాణ వచ్చాక ఆ తీరు మారుతుందనుకున్నాను. కొంత మారింది కూడా. డబ్బింగు సినిమాల వాళ్లకు మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. హుజూర్‌నగర్ థియేటర్లో మా నాయిన పక్కన కూర్చుని చూసిన సినిమా అట్లాంటిదే.

అదేదో పరాయి దేశపు సినిమా. తెర నిండా వాన, రంగురంగుల లైట్లు, మనుషుల మెడల్లోకి దూరిన వైర్లు. ఆ ఊరి జనం కళ్లకు పెద్ద పెద్ద అద్దాలు కట్టుకుని ఒక ఆటలోకి వెళ్తారు. తిండీ నిద్రా మరిచి అదే లోకమన్నట్టు అక్కడే పడి ఉంటారు. ఆటలో ఒక కోట, కోటకు ఒక గేటు, గేటు దగ్గర ఒక కాపలావాడు. వాడు మనిషి కాదు, కంప్యూటర్లో చేసి పెట్టిన బొమ్మ. లోపలికి పోవాలంటే ముందు వాణ్ని చంపాలి. మళ్లీ ఆట మొదలుకాగానే వాడు అదే గేటు దగ్గర లేచి నిలబడతాడు. హీరో హీరోయిన్లకు పుస్తకాల తెలుగు పెట్టి, నవ్వించడానికని ఈ ఒక్కడికి మా యాస పెట్టారు.

ఉన్నట్టుండి ఆ కాపలావాడికి జ్ఞాపకం రావడం మొదలవుతుంది. నిన్న తనను పొడిచినవాణ్ని గుర్తుపట్టి, "నిన్న గీడనే పొడిసినవ్ గదనే. ఇయ్యాల జర పక్కకు పొడువు" అంటాడు. హాలంతా పగలబడి నవ్వింది. నాయిన నవ్వలేదు.

నాయినది ఆలంపూర్ దిక్కు. ఉన్న ఒక్క ఇల్లూ డ్యాం నీళ్ల కిందికి పోయాక మేళ్లచెరువు వచ్చి సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే పనికి కుదిరాడు. ఊపిరితిత్తులు చెడిపోయాక గేటు దగ్గర కూర్చోబెట్టారు. తర్వాత అదీ చేతకాలేదు. నేను అక్కడే ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు చెప్పేదాన్ని. అమ్మా, నాయినా, నేనూ కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఆ రోజు నేను నాయినను తీసుకెళ్లింది సినిమా కోసం కాదు, ఏసీ కోసం. ఎండాకాలంలో కాసేపైనా ఆయన ఊపిరి తేలికపడుతుందని నా ఆశ.

సినిమాలో కాపలావాడు తనకొక ఇల్లున్నదని మాటిమాటికీ చెప్పుకుంటుంటాడు. గేటు వెనక సందులో ఎర్ర తలుపు ఇల్లు. ఒకనాడు పని వదిలేసి నడుచుకుంటూ పోయి ఆ తలుపు తీస్తాడు. తలుపు అవతల ఏమీ లేదు. ముందు గోడ మాత్రమే గీశారు. ఆడేవాళ్లు అటు పోరు కాబట్టి లోపల గదులు చేయాల్సిన పని పడలేదు. వాడు వెనక్కి వచ్చి, ఆటలోకి వచ్చిన ఒక అమ్మాయిని అడుగుతాడు, "నువ్వు అద్దాలు తీసినంక నేను యాడ ఉంట?" అని. ఆ అమ్మాయి జవాబు చెప్పకుండా అద్దాలు తీసేస్తుంది. ఆ తర్వాత హీరో గెలిచాడు, ఊరు బాగుపడింది, పాట వచ్చింది. కాపలావాడు మళ్లీ కనపడలేదు.

బస్సులో నాయిన అలిగినట్టు కూర్చున్నాడు. వాడి సంగతి ఏం చేశారో చెప్పకుండా లైట్లు వేసేస్తే ఎట్లా అని ఆయన బాధ. అది బొమ్మ నాయినా, బందు చేస్తే ఇక ఉండదు, అన్నాను. వాడికి అన్నీ యాదికి ఉన్నప్పుడు లేకుండా ఎట్లా పోతాడని ఎదురడిగాడు. ఎండకు నా తల పగిలిపోతున్నది, విసుక్కున్నాను.

నాయిన మంచాన పడ్డాక ఆ సినిమా ఫోన్లోకి వచ్చింది. నాయిన గేటు ముక్కలు మాత్రమే చూసేవాడు. హీరో రాగానే ముందుకు జరపమనేవాడు. అమ్మకు ఆ గోల పడేది కాదు. లోకంలో ఇంకో సినిమానే లేదా అని వంటింట్లోంచి సణిగేది. ఒకసారి ఆ ఎర్ర తలుపు తీసే చోట ఆపమని, చాలాసేపు చూసి, "ఆడ ఒక మంచమన్న గీసేది ఉండె" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ వానాకాలమే మా పక్క సందులో నాయినతో కలిసి బస్తాలు మోసినాయన పోయాడు. వాళ్లదీ కిరాయి ఇల్లే. మా దగ్గర కిరాయి ఇంట్లోకి శవాన్ని రానివ్వరు. ఇంట్లో ప్రాణం పోయి నక్షత్రం బాగా లేదని అయ్యగారు చెబితే, ఆ ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలి. మళ్లీ ఎవరూ కిరాయికి దిగరు. అందుకని ఆయనను రోడ్డు పక్కన టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. సున్నపురాయి లారీలు పోతుంటే బురద ఎగిరి ఆయన మీది గుడ్డ మీద పడింది. నాయిన కిటికీలోంచి అంతా చూశాడు.

"బిడ్డా, నన్ను బైట పెట్టకు. నాలుగు గోడల నడుమ పోనియ్యి," అన్నాడు. బతుకులో నన్ను ఆయన అడిగింది అదొక్కటే.

ఓనరమ్మ దగ్గరికి వెళ్లాను. పెద్దమ్మా అని పిలిచేదాన్ని, పండుగకు బువ్వ పెట్టిన మనిషి. నా మాట పూర్తిగా విని, తనకు దయ లేక కాదని, విధవరాలికి ఆ రెండు గదుల కిరాయే బువ్వ అని చెప్పింది. కోపంగా చెబితే పోట్లాడేదాన్ని. మెల్లగా చెప్పింది. ఇంకో ఇల్లు చూద్దామని తిరిగాను. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడనగానే గది ఖాళీ లేదనేవాళ్లు. బయట టులెట్ బోర్డు వేలాడుతూనే ఉండేది. ఇన్ని ఇళ్లకు సిమెంటు నింపిన మనిషికి చావడానికి ఒక గది దొరకలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు నాకు.

చలికాలంలో పెద్ద దవాఖానలో చేర్చాం. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఫోన్ చేస్తే ఓనరమ్మ, పానం ఉన్నంతసేపు అది మీ ఇల్లే, తీసుకురండి అన్నది. ఆ మాట పట్టుకుని, నాయినకు ఆక్సిజన్ మాస్కు పెట్టించి అంబులెన్సు ఎక్కాం. కోదాడ దాటిన కాసేపటికి నాయిన నా చెయ్యి వదిలేశాడు.

నేను నోరు తెరవకముందే డ్రైవరు అద్దంలో చూసి బండి పక్కకు ఆపాడు. వెనక్కి వచ్చి నాడి పట్టుకుని, చాలా మామూలుగా అడిగాడు.

"సొంతిల్లా, కిరాయా అక్కా?"

కిరాయి అన్నాను.

"అయితె మాస్కు తియ్యకున్రి," అని వెళ్లి బండి నడిపాడు.

మాస్కుతోనే దించాం. ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. మంచం మీద పడుకోబెట్టాక లోపలికి వచ్చి, జారిన దుప్పటి సర్దబోయి నాయిన పాదం ముట్టుకుంది. ఆమె చెయ్యి అక్కడే ఆగింది. ఆమె నా దిక్కు చూడకుండా, "దీపాలు వెట్టె యాళ్ల దాక ఉండనీ. ఎవ్వలు ఏడ్వొద్దు," అని వెళ్లిపోయింది.

ఏడిస్తే చచ్చిపోయినట్టు. ఏడవకపోతే బతికున్నట్టు. ఆ మధ్యాహ్నమంతా మేము ఏడవలేదు. చూడటానికి వచ్చిన ఇరుగుపొరుగుకు అమ్మ, ఇప్పుడే కన్నంటుకుంది, లేపొద్దు అని చెప్పింది. చెంచాతో నీళ్లు పోసి పెదవులు తడిపింది. దోమలు వాలుతున్నాయని విసనకర్రతో విసిరింది. కాళ్లు సల్లగైతున్నయి, సాక్సులు తేపో అని నాకు పని చెప్పింది. మొదట అదంతా వచ్చినవాళ్ల కోసమే అనుకున్నాను. వాళ్లు పోయాక కూడా ఆమె విసురుతూనే ఉంది, ఆయనకు వినపడేటట్టు ఇంటి ముచ్చట్లు చెబుతూనే ఉంది. నాయినకు నాలుగు గోడలు దొరికాయి, ఆ గోడల నడుమ చచ్చిపోయే వీలు మాత్రం దొరకలేదు. అది అనుకున్నప్పుడు నాకు ఎవరినన్నా కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలో తెలియలేదు.

చీకటి పడకముందే, మళ్లీ దవాఖానకు తీసుకుపోతున్నామని చెప్పి బయటికి మోశాం. ఓనరమ్మ తలుపు వేసుకుంది. రోడ్డు పక్కన మేనమామ అప్పటికే టార్పాలిన్ కట్టించాడు. నాయినను అక్కడ దించి, నేనే మాస్కు తీశాను. మేనత్తలు ఒక్కసారి ఘొల్లుమన్నారు. నాకూ కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది.

అమ్మ ఏడవలేదు. చుట్టూ ఏడుస్తున్న వాళ్లను వింతగా చూసింది. ఆమెను పట్టుకుని, ఇక ఏడువమ్మా, ఎవరూ ఏమనరు, అన్నాను. ఆమె నా చేతిలోని మాస్కు లాక్కుని, వంగి, నాయిన మొహానికి జాగ్రత్తగా పెట్టి, రబ్బరు చెవుల వెనక్కి సర్దింది.

"దుమ్ము లేస్తాంది బిడ్డా. ఊపిరాడదు ఆయనకు," అన్నది.