ఒంటికి వెళ్లే చోటు అడిగిన అత్తగారు

మొన్న మా అపార్టుమెంటు లిఫ్టులో ఒక అమ్మాయి ఫోనులో తన ఆఫీసరుతో, యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది, సెలవు కావాలని, వర్షం పడుతోందన్నంత మామూలుగా చెప్పేస్తుంటే నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. మన కాలంలో ఆ మాట కట్టుకున్నవాడి చెవిన వేయడానికే ప్రాణం చచ్చిపోయేది కదా!

డెబ్బైల చివర్లో, గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన ఇంటికి కోడలినై విశాఖపట్నం చేరి, ఓడలకి సరుకు చేరవేసే ఒక చిన్న కంపెనీలో టైపిస్టుగా కుదిరాను. అంతా బాగానే ఉండేది గానీ, ఆ రేకుల షెడ్డులో మరుగుదొడ్డి మగవాళ్లకే ఉండేది. అందుకని నేనూ, టెలిఫోను దగ్గర కూర్చునే అక్కా పొద్దున్న ఇల్లు వదిలింది మొదలు సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టేవాళ్లం కాదు. దాహం తెలియకుండా బుగ్గన యాలక్కాయ పెట్టుకుని, అదో పెద్ద తెలివి అనుకునేవాళ్లం కూడా.

నేను కడుపుతో ఉండగా మంట మొదలైంది. మాటిమాటికీ వెళ్లాలనిపించడం, తీరా వెళ్తే నాలుగు చుక్కలు, అవీ నిప్పులు పోసినట్టు. అత్తగారు వేడి చేసిందని తేల్చి బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ తాగించారు. తర్వాత నడుం పక్కన పోటు, పళ్లు టకటకా కొట్టుకునే చలిజ్వరం. విశాఖలో చలిజ్వరమంటే మలేరియాయే కదా అని మా ఆయన ఆ మాత్రలు తెచ్చారు. మంట సంగతి ఆయన దాకా వెళ్లలేదు, అలాంటివి మగవాళ్ల దాకా వెళ్లే రోజులు కావవి.

జ్వరం దిగక ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇక్కడి మనిషే అయిన డాక్టరమ్మ నడుం మీద చెయ్యేసి చూసి, మూత్రం పరీక్ష చేయించి, చీము ఉందని తేల్చింది. "వేడీ కాదు, మలేరియా కాదు. నీళ్లు తాగకుండా, వచ్చింది ఆపుకొని కూకుంటే ఏటవుతాదమ్మా? కిడ్నీల దాకా ఎక్కిపోనాది. ఇంకా ఆలస్యం సేస్తే బిడ్డ దక్కదు" అని కోప్పడి, అక్కడే మంచం ఇచ్చి ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. జ్వరం తగ్గగానే మాత్రలు మానేయబోతే, ఆఖరిది దాకా మింగాల్సిందేనని గద్దించింది. అత్తగారు పక్కనే నిలబడి అన్నీ విన్నారు.

మామగారి పేరే పెదవి దాటనివ్వని ఆ మనిషి, నేను మళ్లీ డ్యూటీలో చేరకముందే గొడుగేసుకుని మా ఆఫీసుకి వెళ్లి, అంతమంది మగవాళ్ల మధ్య మేనేజరు ఎదుట నిలబడి, "మా పిల్ల ఒంటికెళ్లాలంటే ఎక్కడికెళ్లాలో చూపించండి బాబూ, నేనూ ఓసారి ఎళ్లొస్తాను" అన్నారట. మేనేజరుకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదని టెలిఫోను అక్క చెప్పి చెప్పి నవ్వేది. నేను వెళ్లేసరికి షెడ్డు వెనక ఆడవాళ్లకి వేరే గది లేస్తోంది.

ఎంత ధైర్యమండీ మీకు అని పొంగిపోతూ అంటే, ఆవిడ నవ్వలేదు. "నా తొలిచూలు కడుపులో ఉండగానే, నాకు ఇలాంటి చలిజ్వరం వచ్చి పోయిందే. అప్పుడూ వేడే అన్నారు. నేనూ నమ్మేను" అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

నాకు నెలలు నిండి మా అమ్మాయి క్షేమంగా పుట్టింది. ఇప్పుడు పరీక్షలకి వీధికో ల్యాబు ఉంది, పొద్దున్న ఇస్తే సాయంత్రానికి సంగతి తెలిసిపోతుంది, సంతోషమే. మా అత్తగారికి మాత్రం తన బిడ్డ ఎందుకు పోయిందో తెలియడానికి, ముసలితనంలో వచ్చి కోడలి మంచం పక్కన నిలబడాల్సి వచ్చింది.